లీదియా మాటలు మానేసిన ఏడాది

కట్టకిందపాలెం, కంభం
1936 జూన్

ప్రభువునందు పూజ్యురాలైన మేనత్త మగ్దలీనమ్మగారికి లీదియా వందనములు.

నేను కంభం స్టేషనులో క్షేమంగా దిగాను. నాయన వచ్చి నా రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. దారిలో ఎదురైన వాళ్లందరితో "మా పాప ఎనిమిదో తరగతి పాసయినాది" అని చెప్పాడు. గొర్రెలు తోలుకుపోయే వాళ్లకు కూడా చెప్పాడు. నాకు సిగ్గేసింది.

మన బోర్డింగులో పై తరగతులు ఎత్తేశారని అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కావడం లేదు. "పాసయినోళ్లను పంపించేస్తారా, ఇదేం ఇస్కూలు" అంటుంది. టీచరు ట్రైనింగుకు నాకు ఇంకా వయసు చాలదనీ, అంతవరకూ ఇంట్లోనే ఉండాలనీ చెప్పాను. "అయితే ఉండు, పనికి మనిషి కావాల" అంది.

ఇక్కడ అంతా బాగుంది. నేను సంతోషంగా ఉన్నాను. ఆదివారం గుడిలో సంఘపెద్ద నిత్యానందంగారు నాతో వాక్యం చదివించారు. మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి. బోర్డింగులో నా చోట ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారు?

మీ మేనకోడలు
లీదియా

*

మార్కాపురం, బాలికల బోర్డింగు
1936 జూలై

చిరంజీవి లీదియాకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ చేతిని పాడుచేసుకోకు. మన సంఘంలో చిన్నపిల్లల్ని పోగుచేసి ఓనమాలు దిద్దించు. పగిలిన పలకలు ఈ ఊరి నిండా ఉన్నాయి, వచ్చేవాళ్లతో పంపిస్తాను. ఖాళీగా మాత్రం కూర్చోకు. మీ అమ్మ మాట కొంచెం గట్టిగా ఉంటుంది, అది నీకు తెలియనిదేమీ కాదు.

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. కొత్త పిల్లలు చాలామంది చేరారు. ఇంటి మీద బెంగతో ఒకరు ఏడవడం మొదలుపెడితే అందరూ అందుకుంటారు. ఒకరి తర్వాత ఒకరిని ఊరుకోబెట్టే సరికి నా ఓపిక అయిపోతోంది. నీ చోట ఒక చిన్నపిల్ల పడుకుంటోంది. నిద్రలో మాట్లాడుతుంది.

నాయనను అడిగానని చెప్పు.

మీ అత్త
మగ్దలీనమ్మ

*

కట్టకిందపాలెం
1936 ఆగస్టు

అత్తమ్మకు లీదియా వందనములు.

పలకలు అందాయి. పిల్లలు కొన్నాళ్లు వచ్చారు. చెరువు కింద నాట్లు మొదలయ్యేసరికి అందరూ మానేశారు. నేనూ నాట్లకు వెళ్తున్నాను.

నాకు నాటు వేయడం చేతకావడం లేదు. నా వరుస వంకర పోతుంది. వెనకబడితే ఆడవాళ్లు నవ్వుతారు. "దొరసానమ్మా, బురద అంటుకుంటాదేమో, పైకి ఎక్కి కూర్చో" అంటారు. అమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వుతుంది. నవ్వకపోతే వాళ్లు అమ్మను ఇంకేదో అంటారు కాబోలు.

భాగ్యమ్మ మీకు గుర్తుందా? నేను బోర్డింగుకు వచ్చే ముందు మేమిద్దరం ఒకే కంచంలో తినేవాళ్లం. ఇప్పుడు దానికి పెళ్లయి బిడ్డ. దగ్గరికి వెళ్లి మన బోర్డింగు కబుర్లు చెప్పబోయాను. సగంలోనే "నీ కతలు నాకేం తెలుస్తాయే, బిడ్డ ఏడుస్తాంది" అని లేచిపోయింది. బిడ్డ ఏడవలేదు, అత్తమ్మా. నిద్రపోతోంది.

సాయంత్రం అందరూ అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటారు. నేను ఏదైనా అంటే ఆగి నా వైపు చూస్తారు. నా మాటలో ఏదో తేడా వినిపిస్తుందేమో తెలియదు. అందుకని మాట్లాడడం తగ్గించాను. అక్కడ రాత్రి చాపలు ఆనించుకుని పడుకుని ఎవరో ఒకరం ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉండేవాళ్లం. మీరు వచ్చి గదమాయించేవాళ్లు. ఇప్పుడు ఆ గదమాయింపైనా వినపడితే బాగుండుననిపిస్తుంది.

నాకు ఆకలి వేయడం లేదు. పొద్దున లేవబుద్ధి కాదు. ఒళ్లు వేడిగా ఏమీ లేదు. ఇది ఏమైనా జబ్బా?

లీదియా

*

మార్కాపురం
1936 సెప్టెంబరు

చిరంజీవి లీదియాకు దీవెనలు.

బోర్డింగులో తట్టు పోసింది. సగం మంది పిల్లలు పడకల మీద ఉన్నారు. కూర్చుని అన్నం తిని చాలా రోజులైంది. అందుకే జవాబు ఆలస్యం.

నీది జబ్బు కాదు. ఎదిగే వయసు. ఆ వయసులో అందరికీ కొన్నాళ్లు అలాగే ఉంటుంది, పోతుంది. ప్రార్థన చేసుకో, కడుపునిండా తిను, పనిచెయ్యి. మీ నాయన నీ చదువు కోసం ఎంత కష్టపడ్డాడో తలచుకో. ఆయన ముందు దిగులుమొహంతో తిరగడం న్యాయమా? ఇక్కడ తల్లీ తండ్రీ లేని పిల్లలు ఉన్నారు. వాళ్లకంటే నీ బతుకు మేలు కదా.

మందు కలపాలి, ఉంటాను.

అత్త

*

కట్టకిందపాలెం
1936 అక్టోబరు

అత్తమ్మకు వందనములు.

మీరు చెప్పినట్లే చేస్తున్నాను. నేను బాగున్నాను. ఇక్కడ వానలు పడుతున్నాయి. పిల్లలకు తట్టు తగ్గాలని ప్రార్థిస్తున్నాను.

లీదియా

*

కట్టకిందపాలెం
1936 నవంబరు

అక్క మగ్దలీనమ్మకు తమ్ముడు నతానియేలు చెప్పి రాయించేది.

రాసేది లీదియానే. నిత్యానందం అన్న రాసిపెడతాడు గానీ, ఇంటి మాట ఆయన ముందర చెప్పబుద్ధి కాలేదు. పాప సంగతి పాప చేతనే రాయిస్తుండా. ఇప్పుడే కలం ఆపింది. రాయి తల్లీ, నేను చెప్పింది చెప్పినట్ల రాయి అన్న్యా.

అక్కా, పాప మాట్లాడ్డం లేదు. కూడు ముందర పెట్టుకుని చూస్తా కూర్చుంటాది. తల దువ్వుకోదు. చేనికాడ నుంచి వస్తే గోడ తట్టు తిరిగి పడుకుంటాది. వాళ్లమ్మ తిడతాది. తిట్టినా పలకదు. ఎదురు తిరిగి ఒక మాటన్నా అంటే బాగుండునని తిట్టే సౌభాగ్యమ్మే అంటాది.

మొన్న మాపటికి ముందర చెరువుకు నీళ్లకు పోయి ఎద దాకా తడిసి వచ్చింది. బిందె కట్ట మీదనే ఉంది. ఏంది తల్లీ అంటే, కాలు జారింది అన్నది. బిందె కట్ట మీద పెట్టి వట్టి చేతులతో నీళ్లలోకి ఎందుకు దిగినాదో నాకు తెలియదు. మళ్లా అడిగినా జారిందనే అంటాది.

నేను సదువు లేనోణ్ణి. సదువుకున్న బిడ్డతో ఎట్ల మాట్లాడాలో నాకు తెలియదు. తప్పు మాట ఏదన్నా అంటే ఇంకా లోపలికి పోతాదేమోనని బయం. నువ్వు అడుగు. నీతో అయితే చెప్తాది.

రాస్తా ఉంటే పాప కండ్లలో నీళ్లు కారుతుండాయి. ఇది గూడా రాయాల్నా నాయనా అన్నది. రాయి అన్న్యా.

నాయన చెప్పినది చెప్పినట్లు రాశాను. - లీదియా

*

మార్కాపురం
1936 నవంబరు

లీదియా తల్లీ,

ముందుగా ఈ రెండు ముక్కలు మీ నాయనకు చదివి వినిపించు: "తమ్ముడా, నేను వచ్చేదాకా పాపను ఎక్కడికీ ఒంటరిగా పంపవద్దు. చెరువుకు అసలే వద్దు. నువ్వు తప్పు మాట ఏదీ అనలేదు."

ఇక మిగతాది నీకు.

సెప్టెంబరులో నేను రాసిన ఉత్తరం పొయ్యిలో వెయ్యి. నువ్వు జబ్బా అని అడిగావు, నేను నీకు బుద్ధి చెప్పాను. ఇప్పుడు బుద్ధులు ఏమీ చెప్పను. ఒక్క మాట అడుగుతాను. చచ్చిపోవాలని నీళ్లలోకి దిగావా?

ఈ మాట కాగితం మీద పెట్టడానికి నా చెయ్యి ఆడలేదు. కానీ పెట్టకుండా అటూ ఇటూ తిప్పి అడిగితే నువ్వు కూడా అటూ ఇటూ తిప్పే చెప్తావు. అవును అయితే అవును అని రాయి. నేను తిట్టను, ఏడవను, దేవుడికి కోపం వస్తుందని అనను. నీ మాట చదువుతాను, అంతే.

మన బోర్డింగు నడిపే దొరసానిగారు కర్నూలు వెళ్లారు. ఆమె వచ్చేదాకా పిల్లల్ని వదిలి కదలలేను. వచ్చిన రోజునే బయల్దేరుతాను. నీకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. వేసవికి పిల్లలందరూ ఇళ్లకు వెళ్లాక నేను ఈ పెద్ద ఇంట్లో ఒక్కదాన్నే కంచం ముందు కూర్చుంటాను. ముద్ద దిగదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇంతమంది పిల్లల్ని చూసుకునే మేట్రనమ్మకు దిగులేమిటని నవ్వుతారని. అందుచేత, ముద్ద దిగకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు.

వెంటనే జవాబు రాయి.

మీ అత్త

*

కట్టకిందపాలెం
1936 నవంబరు

అత్తమ్మా,

నాయనకు ఆ రెండు ముక్కలు చదివాను. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అప్పటి నుంచీ నీళ్లకు తనే వెళ్తున్నాడు. మగవాడు బిందె మోస్తున్నాడని పాలెమంతా వింతగా చూస్తోంది.

మీరు అడిగినదానికి అవును అనాలో కాదు అనాలో నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో నుంచి వెళ్లినప్పుడు నీళ్ల కోసమే వెళ్లాను. బిందె దించాక మళ్లీ ఇంటికి రాబుద్ధి కాలేదు. ఇంకెక్కడికి వెళ్లాలో కూడా తోచలేదు. మార్కాపురంలో నా చోట వేరే పిల్ల ఉంది. ఇక్కడ నాకు చోటు ఉన్నా నేను అందులో పట్టడం లేదు. నీళ్లలో కొంచెం దూరం నడిచాను. ఇంకొంచెం వెళ్తే రేపు పొద్దున లేవక్కర్లేదు కదా అనిపించింది. అలా అనిపించింది, అత్తమ్మా. అబద్ధం రాయను.

అప్పుడు కట్ట చివర నుంచి ఎవరో కేకేశారు. "ఓ పాపా! నిన్నే! ఇట్ల రా, గొర్రె బురదలో దిగబడింది, నా ఒక్కదాని వల్ల కాదు!" అని. శ్రీశైలమ్మ అని, గొర్రెలు కాసే ఆవిడ. నేను ఎందుకు నీళ్లలో ఉన్నానో ఆవిడ పట్టించుకోనే లేదు. ఆవిడ కళ్లన్నీ గొర్రె మీదే ఉన్నాయి. నేను వెళ్లాను. ఇద్దరం కాళ్లు పట్టి లాగాం. గొర్రె బయటికి వచ్చి విదిలించుకునేసరికి ఇద్దరి మొహాల నిండా బురద. "బలమైన చెయ్యి నీది. ఎవురి బిడ్డవే?" అంది. చెప్పాను. ఆవిడ మందను తోలుకుని వెళ్లిపోయింది. నేను బిందె తీసుకోవడం కూడా మర్చిపోయి ఇంటికి వచ్చాను. తర్వాత నాయన వెళ్లి తెచ్చాడు.

అప్పటి నుంచీ నాకు చెరువంటే కాదు, నేనంటేనే భయంగా ఉంది.

నేను బాగోలేను, అత్తమ్మా. బాగున్నానని రాసినప్పుడల్లా బాగోలేను. తొందరగా రండి.

లీదియా

*

మార్కాపురం
1936 డిసెంబరు

తల్లీ,

దొరసానిగారు నిన్న వచ్చారు. శనివారం బండికి కంభంలో దిగుతున్నాను. మీ నాయనతో కలిసి స్టేషనుకు రా. నాకు మూట మోసే మనిషి కావాలి, నా మోకాళ్లతో అంత దూరం నడవలేను.

నువ్వు రాసినది మొత్తం చదివాను. ఒక్క ముక్కకూ కోపం రాలేదు. అవును అనాలో కాదు అనాలో తెలియదన్నావు చూడు, ఆ మాట నిజమని నాకు అర్థమైంది.

అత్త

*

మార్కాపురం
1937 జనవరి

లీదియాకు అత్త దీవెనలు.

క్షేమంగా చేరాను. బండిలో చోటు దొరకలేదు, గిద్దలూరు నుంచి వచ్చే సంత జనం నిండిపోయారు. మోకాళ్లకు మూడు రోజులు కాపడం పెట్టుకున్నాను.

నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు వినని మాటలు కొన్ని ఉన్నాయి. నీ వెనక మాట్లాడామని తర్వాత నువ్వు అనుకోకూడదు. అందుకని రాస్తున్నాను.

నువ్వు నాయనతో కళ్లం దగ్గరికి వెళ్లినప్పుడు మీ అమ్మకు సంగతంతా చెప్పాను. చెరువు మాట వినగానే చేతిలో చేట కింద పెట్టేసింది. "మేమేం తక్కువ చేసినాం వదినె? కూడు పెట్టలేదా? గుడ్డ ఇయ్యలేదా?" అని నా మీదికి వచ్చింది. నీ మీద కోపం కాదు అది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత "సౌభాగ్యమ్మా, తక్కువ చేశారని ఎవరూ అనడం లేదు. దానితో ఎవరూ మాట్లాడడం లేదు, అంతే" అన్నాను. "నాకు మాట్లాడే తీరుబడి యాడిది? నాతో ఎవురు మాట్లాడినారు ఇన్నాళ్లు?" అంది. చేట అందుకుని అటు తిరిగి చెరగడం మొదలుపెట్టింది. కాబట్టి ఆమె దగ్గర నీకు ఇప్పుడే మెత్తని మాట దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

మీ నాయన వేరు. ఆయనకు చెప్పడం రాదు కానీ కూర్చోవడం వచ్చు. నీకు బాగోలేని రోజున ఆయనతో ఆ మాట అను. కారణం చెప్పక్కర్లేదు. ఆయన అడగడు, అడగవద్దని చెప్పి వచ్చాను.

శ్రీశైలమ్మను కూడా చూశాను. బండికి వచ్చేటప్పుడు దారిలో మందతో ఎదురైంది. ఆపి, మా పిల్లను ఆ రోజు పిలిచినందుకు నీ మేలు మరచిపోలేను అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. "గొర్రెను లాగింది ఆ పాప గదమ్మా! మేలు నేను జెప్పాల" అంది.

దొరసానిగారిని నీ సంగతి అడిగాను. వచ్చే జూనులో చిన్న తరగతికి సాయంగా నిన్ను పెట్టుకోగలమేమో చూస్తామన్నారు. చూస్తామన్నారంతే, మాట ఇవ్వలేదు. దాని మీద ఆశ పెట్టుకుని రోజులు లెక్కపెట్టకు. జూను వచ్చేదాకా బతకాల్సింది అక్కడే కదా.

ఒక్కటి అడుగుతున్నాను. ఇకనుంచి నాకు రాసేటప్పుడు క్షేమం అని మొదలుపెట్టకు. ఎలా ఉంటే అలా మొదలుపెట్టు.

అత్త

*

కట్టకిందపాలెం
1937 మార్చి

అత్తమ్మా,

ఎలా ఉంటే అలా మొదలుపెట్టమన్నారు. ఫిబ్రవరిలో ఏమీ బాగోలేను. ఇప్పుడు కొంచెం నయం. మీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణం అదే. కలం తీసుకుంటే చెయ్యి కదిలేది కాదు.

నాయన రోజూ పొద్దున "ఈ పొద్దు ఎట్లుంది తల్లీ?" అని అడుగుతాడు. ఎద్దు మేత తిన్నదా అని అడిగినట్టే అడుగుతాడు. పర్లేదు అంటే తన దారిన పోతాడు. బరువుగా ఉంది నాయనా అంటే "అయితే నా ఎమ్మట రా" అంటాడు. ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తాను. దారిలో ఏమీ మాట్లాడడు. ఒకరోజు మాత్రం చేని గట్టున కూర్చుని "నీ పుస్తకంలో ఏముందో సదువు" అన్నాడు. రెండు పేజీలు చదివేసరికి గురక పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

భాగ్యమ్మతో పోట్లాడాను. మళ్లీ దొరసాని అంది. "ఆ మాట ఇంకోసారి అన్న్యావంటే నీ గడప తొక్కను" అన్నాను. నా నోట్లో నుంచి ఇక్కడి మాట అలా ఎలా వచ్చిందో నాకే తెలియదు. మర్నాడు బిడ్డను తెచ్చి నా ఒళ్లో పడేసి "పట్టుకో, కట్టెలకు పోయొస్తా" అని వెళ్లిపోయింది. క్షమించమని ఇద్దరమూ అనలేదు. బిడ్డ నా ఓణీ తడిపింది.

అసలు రాయాలనుకున్నది అమ్మ సంగతి.

మీరు వెళ్లాక అమ్మ నన్ను తిట్టడం మానేసింది. మాట్లాడడమూ మానేసింది. అది తిట్లకంటే కష్టంగా ఉండేది. నేను అటు వెళ్తే ఇటు వచ్చేది. నేను గాజు గిన్నె అయినట్టు పక్కకు తప్పుకుని నడిచేది.

మొన్న నాయన కంభం సంతకు వెళ్లాడు. నాకు ఆ రోజు బరువుగా ఉంది. చెప్పడానికి ఆయన లేడు. అమ్మ వసారాలో కూర్చుని కందికాయ ఒలుస్తోంది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఎలా అనాలో తెలియలేదు. చివరికి నాయనతో అన్నట్టే అన్నాను: "అమ్మా, ఈ పొద్దు బరువుగా ఉంది."

అమ్మ తల ఎత్తలేదు. చేతులు ఆగిపోయాయి. తర్వాత చేట కొంచెం జరిపి "కూర్చో" అంది. కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. చేటలో గింజలు సగానికి వచ్చాయి.

అప్పుడు ఉన్నట్టుండి అంది. "నన్ను ఈ పాలేనికి తెచ్చినప్పుడు నీ అంతదాన్నే. మాది కనిగిరి ఆపక్క గదా. నేను నోరు తెరిస్తే చాలు, మాట జూసి నవ్వేటోళ్లు. నాట్లు రావు, మాది మెట్ట. నా వరస వంకర పోయేది. పగలంతా వాళ్లతో నేనూ నవ్వి, మాపటికి దొడ్లో కట్టెల ఎనక కూర్చుని ఏడ్చేదాన్ని. ఒకరోజు మా ఊరి దోవ పట్టి నడుచుకుంటా పోయినా. యాడికి పోతుండానో తెలియకుండానే పోయినా. కాళ్లు బొబ్బలెక్కి మళ్లా తిరిగొచ్చినా."

నాయనకు తెలుసా అని అడిగాను.

"మీ నాయన కట్టెలకు పోయిందనుకున్న్యాడు."

"మరి ఎవరికి చెప్పుకున్నావమ్మా?"

"ఎవురికి చెప్పేది?" అంది. చేతిలో కాయ ఒలిచి గింజలు చేటలో వేసి, నా మొహం వైపు చూసింది. "నీకే గదే, ఇప్పుడు చెప్తుండేది" అంది.

అమ్మ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ల ఊరి పేర్లు, చిన్నప్పటి స్నేహితురాళ్ల పేర్లు చెప్పింది. వాళ్లలో ఎవరు బతికున్నారో తెలియదంది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందంది. నేను సరే అన్నాను.

కందికాయ అయిపోయింది. పొయ్యి వెలిగించే వేళ దాటింది. అయినా ఇద్దరం అక్కడి నుంచి లేవలేదు.

లీదియా